తినేటప్పుడు పిలవకూడదు

ఆ ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇంట్లోంచి బయలుదేరాలి. కుక్కల హాస్టల్లో వారం రోజులుగా ఉన్న బొగ్గును తీసుకోవాలి. దారిలో లాబ్‌లో ఆగి తన రక్తపరీక్ష కాగితం అందుకోవాలి. పన్నెండింటికల్లా ఇల్లు చేరి కుక్కర్ పెట్టాలి. వీటిలో తనకోసం చేసుకునే పని ఒక్కటే కాబట్టి, టైము చాలకపోతే దేన్ని మానెయ్యాలో కూడా ముందే తేల్చుకుంది.

బొగ్గు ఆ ఇంటి కుక్క. నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు, అంతకు మించి ఎవరూ శ్రమపడలేదు. మూడేళ్లలో అది ఒక తలుపు చట్రాన్నీ, అత్తగారి మూడు జతల చెప్పుల్లో జతకొకటి చొప్పున మూడు చెప్పుల్నీ కొరికి పారేసింది. తలుపు చప్పుడైతే అరిచేది, ఫోను మోగితే అరిచేది, ఎవరూ ఏమీ చెయ్యకపోతే ఏదో జరగబోతోందని అరిచేది. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఓపిక పట్టి పట్టి చివరికి కాగితం మీద రాసి ఇచ్చాడు. నెలాఖరులోగా ఆ అరుపులు ఆగకపోతే కుక్కయినా ఖాళీ చెయ్యాలి, మీరైనా ఖాళీ చెయ్యాలి.

ఆవిడ భర్త బోల్టుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. తేడా ఉన్న సరుకును పక్కన పడెయ్యడం ఆయన వృత్తి. "మా ఫ్రెండుకి గోడౌనుంది. గొలుసేసి కట్టేస్తే కాపలా కాస్తుంది. నెలాఖరుకి పంపించేద్దాం," అని కాఫీ తాగుతూనే తేల్చేశాడు. ఆవిడ కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. తను గదిలోకి వస్తే తలెత్తి చూసే ప్రాణి ఆ ఇంట్లో బొగ్గు ఒక్కటే. మిగతావాళ్లు చూడకుండానే అడుగుతారు. అందుకే, ఆడపడుచు ఇల్లు మారుతోందని అందరూ వారం రోజులు సాయానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఆవిడ నాలుగు చోట్ల విచారించి మంచిదని పేరున్న హాస్టల్లో కుక్కను దింపి, తను పోయి ఆడపడుచు ఇంట్లో పెట్టెలు సర్దింది. సాయానికి వెళ్లిన మిగతావాళ్లు పెట్టెల మీద కూర్చున్నారు.

హాస్టల్ నడిపే ఆవిడ ఒకప్పుడు పిల్లల హాస్టల్లో వార్డెన్. మాట వినేవాళ్ల మధ్య బతకాలనిపించి కుక్కల వైపు వచ్చేసింది. గేటు తీసేసరికి బొగ్గు చాప మీద కూర్చుని ఉంది. మీదకు దూకలేదు, అరవలేదు. తోక మాత్రం ఊపింది.

"మొదటి రెండ్రోజులూ గేటు దగ్గరే పడుకుందమ్మా. గిన్నె ముట్టలేదు. అవతలెక్కడో బకెట్ కింద పడినా మంచం కిందకి దూరేది," అంది వార్డెన్. "ఎవరూ ఏమీ అనకపోయేసరికి మూడోరోజు బయటికొచ్చింది. నాలుగోరోజు తింది. ఐదోరోజు మిగతా కుక్కలతో ఆడింది."

"మందేమైనా వేశారా?"

"మందెందుకు? వేళకి తిండి, కంటినిండా నిద్ర, కాస్త నడక, కేకలెయ్యని మనుషులు. ఇది చెడ్డ కుక్క కాదమ్మా. ఎప్పుడు ఎవరు ఎందుకు కేకేస్తారో తెలీక బెదిరిపోయిన కుక్క. మీ ఇంట్లో గట్టిగా మాట్లాడతారా?"

"గట్టిగా కాకుండా మాట్లాడొచ్చని మాకింకా తెలీదండీ," అంది ఆవిడ.

వార్డెన్ నవ్వలేదు. రెండు పేజీల కాగితం ఇచ్చింది. మొదటి పేజీలో బొగ్గు ఫొటో, అది ఏ రోజు ఎంత తిన్నదీ ఎంత అరిచిందీ. రెండో పేజీలో పేరూ ఫొటో ఏమీ లేకుండా ఇంటి దగ్గర పాటించాల్సిన పద్ధతులు, అడుగున ఫోను నంబరు. "మొదటిది మీ ఓనరుకు చూపించండి, రెండోది ఇంట్లోవాళ్లకి. పాటిస్తే ఎప్పటికీ ఇలాగే ఉంటుంది. పాటించలేదనుకోండి, పదిరోజుల్లో మళ్లీ తలుపులు కొరకడం మొదలెడుతుంది."

లాబ్ దగ్గర చినుకులు మొదలయ్యాయి. కాగితాలు తడుస్తాయని ఆవిడ రెండు పేజీలనూ రక్తపరీక్ష రిపోర్టున్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టింది. ఇంటి గేటు దగ్గర ఓనరు ఎదురుపడితే మొదటి పేజీ తీసి ఇచ్చింది. ఆయన ఫొటోను, కుక్కను మార్చి మార్చి చూసి, "నెలాఖరు దాకా చూస్తాను," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో పేజీ కవర్లో ఉండిపోయింది. కవరు ఫ్రిజ్ మీదకు చేరింది.

చెప్పలేదని కాదు. మధ్యాహ్నం వడ్డిస్తూ, "బొగ్గు గురించి ఒక కాగితమిచ్చారు," అని మొదలుపెట్టింది.

"ముందు మంచినీళ్లు తే," అన్నాడు భర్త.

తెచ్చింది. "ఇంట్లో అందరం కొన్ని పద్ధతులు..."

"అమ్మా, నా చార్జర్!" అని కాలేజీలో చదివే కూతురు లోపలినుంచి అరిచింది. చార్జర్ వెతికిచ్చి వచ్చేసరికి అత్తగారు ఉప్పు తక్కువైందన్నారు. ఉప్పు తెచ్చేసరికి భోజనాలు అయిపోయాయి. ఆవిడ తన కంచం ముందు కూర్చుని, లేచి, కూర్చుని, లేచి, మొత్తానికి నాలుగు విడతల్లో తింది.

మర్నాడు పొద్దున ఆవిడ డాబా మీద బట్టలు ఆరేస్తుండగా అత్తగారు కళ్లమందు చీటీ కోసం ఫ్రిజ్ మీద వెతికారు. లాబ్ పేరున్న కవరు దొరికింది. అందులోంచి తెలుగులో ఉన్న కాగితం ఒకటి బయటికొచ్చింది. నిలబడి చదివారు. కూర్చుని ఇంకోసారి చదివారు.

"ఒరేయ్, ఇలా రా. మెల్లిగా రా."

మెల్లిగా రమ్మని తల్లి ఎప్పుడూ అనలేదు కాబట్టి కొడుకు కంగారుగా వచ్చాడు.

"నీ పెళ్లాం రక్తపరీక్ష చేయించుకుందా?"

"ఏమో. చెప్పిందేమో, నేను విన్లేదు."

"ఇది చూడు. డాక్టరు ఏం రాశాడో. 'ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ వేళ తప్పకుండా తిండి పెట్టాలి. మిగిలిపోయినవి పెట్టకూడదు. తినేటప్పుడు పిలవకూడదు, కదిలించకూడదు. మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర, మధ్యలో లేపకూడదు. దగ్గర్లో ఎవరూ గొంతు పెంచకూడదు.' ఎంత ముదిరిపోతే ఇలా రాస్తాడ్రా!"

భర్త కాగితం లాక్కున్నాడు. "'ఎముకలు అసలు పెట్టకూడదు.' ఇదేంటి?"

"ఎముకల్లోకి కూడా పాకిందేమో."

"'గిన్నె నేల మీదే ఉంచాలి.'"

"కింద కూర్చుని తినాలన్నమాట. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఆ బల్లలూ కుర్చీలూ మంచివి కావని. ఇంకా చదువు."

"'రోజూ అరగంట బయట నడిపించాలి, ఫోను చూస్తూ కాదు. జుట్టు రోజూ దువ్వాలి. మంచిగా ఉన్నప్పుడు వెంటనే మెచ్చుకోవాలి. ఇవి తప్పితే పాత లక్షణాలు మళ్లీ మొదలవుతాయి, ఈసారి నయం కావడం కష్టం.'" అని ఆపి, ఆయన కవర్లోంచి రక్తపరీక్ష రిపోర్టు తీశాడు. అంకెలు ఆయనకు అలవాటే. ఎర్రగీత ఉన్నచోట వేలు పెట్టి, "తక్కువే ఉంది. మా ఫ్యాక్టరీలో అయితే ఇది పాసవదు," అన్నాడు.

పెద్ద జబ్బు ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పకూడదని అత్తగారి గట్టి నమ్మకం. జబ్బున్న మనిషినే అడిగితే తేలిపోయే విషయం, ఆ నమ్మకం వల్ల తేలకుండా పోయింది. కూతురికి మాత్రం చెప్పారు, ఒట్టు వేయించుకుని.

ఆవిడ డాబా దిగేసరికి ఇల్లు మారిపోయి ఉంది. కూతురు తన కాఫీ తనే కలుపుకుంటోంది. భర్త సాక్సుల కోసం అలమారాలో తనే వెతుకుతున్నాడు. దొరకలేదు. దొరకలేదని అరవలేదు. రెండు రంగుల సాక్సులు తొడుక్కుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. సాయంత్రం ఏడు కొట్టేసరికి అత్తగారు వంటింట్లో పీట వేసి, "కూర్చోమ్మా, వేడిగా ఉన్నప్పుడే తిను," అన్నారు. 'అమ్మా' అన్న పిలుపు విని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, కూతురు వచ్చిందేమోనని.

ఆవిడ ముందు అనుకున్నదేమంటే, ఫ్రిజ్ మీది కాగితం వీళ్లు చదివారని, బొగ్గు కోసం ఇదంతా చేస్తున్నారని. ఒక మూగజీవి కోసం మనుషులు ఇంత మారగలరా అని కళ్లు చెమర్చాయి కూడా. పక్కనే బొగ్గు తన గిన్నెలో తను తింటోంది. ఇంట్లో కేకలు లేవు కాబట్టి అది ఉలిక్కిపడటం లేదు. తలుపు చప్పుడైతే చెవులెత్తి, మళ్లీ దించేసింది. ఆవిడ మనసులోనే ఒక్కో రోజూ లెక్కపెట్టింది. పద్నాలుగో తారీఖు, అరుపు లేదు. పదిహేను, లేదు. పదహారు, లేదు.

భర్త రోజూ సాయంత్రం నడకకు తీసుకెళ్లేవాడు. మొదటి రోజు, తీసుకెళ్లేది కుక్కనే అనుకుని ఆవిడ దాని పట్టీ అందించింది. "అదీ రానీలే," అన్నాడాయన. ఫోను ఇంట్లో పెట్టి వచ్చాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఫోను లేకుండా ఇద్దరూ పక్కపక్కన నడవడం అదే మొదలు కాబట్టి చేతులేం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. వీధి చివర దాకా వెళ్లాక గొంతు సవరించుకుని అడిగాడు.

"నీకు ఏమంటే ఇష్టం?"

ఆవిడ ఆలోచించింది. రెండో వీధి చివర దాకా ఆలోచించింది. "గుర్తొస్తే చెబుతాను," అంది.

అసలు సంగతి నాలుగో రోజు పొద్దున తెలిసింది. అత్తగారు చేతిలో దువ్వెనతో వచ్చి, "ఇలా కూర్చో, తల దువ్వుతాను," అన్నారు.

"నేను దువ్వుకున్నానత్తయ్యా."

"రోజూ దువ్వాలటమ్మా," అని అత్తగారు నాలుక్కరుచుకున్నారు.

ఆవిడ కూర్చుంది. వెనక దువ్వెన నడుస్తుంటే ఎదురుగా ఉన్న బొగ్గును చూసింది. దాని వీపు మీద జుట్టు చిక్కులు పడి ఉంది. నాలుగు రోజులుగా దాన్ని ఎవరూ దువ్వలేదు. నేల మీది కంచం, మధ్యాహ్నం నిద్ర, 'కూర ఎంత బాగుందో' అంటూ వేళకో మెచ్చుకోలు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఇంకేదో వచ్చింది కానీ అదేమిటో చూడటానికి ధైర్యం చాలలేదు.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కాగితం కుక్కదని తెలిస్తే ఇల్లు మళ్లీ కేకలెయ్యడం మొదలుపెడుతుంది, ఇల్లు కేకలేస్తే కుక్క అరుస్తుంది, కుక్క అరిస్తే గోడౌను, గొలుసు. నెలాఖరుకు ఇంకా పదమూడు రోజులుంది. ఇందులో తన మధ్యాహ్నం నిద్ర ప్రసక్తి ఎంతమాత్రం లేదని తనకు తాను గట్టిగా చెప్పుకుని, భోజనమయ్యాక వెళ్లి రెండు గంటలు పడుకుంది. బొగ్గు జుట్టు మాత్రం ఆ రోజునుంచి తనే దువ్వింది.

విచిత్రమేమంటే ఆవిడ కూడా మారింది. బుగ్గల్లోకి రంగొచ్చింది. ఏదైనా పడిన చప్పుడైతే ఇదివరకు 'ఏం పగిలింది?' అని పరిగెత్తేది, ఇప్పుడు తల తిప్పి చూసి ఊరుకుంటోంది. "వైద్యం పనిచేస్తోందిరా," అని అత్తగారు కొడుకుతో గుసగుసలాడారు. పనిచేస్తున్నది వైద్యం కాదని ఇద్దరికీ తట్టలేదు.

ఇరవై నాలుగున, తల్లి ఫోనులో చెప్పిన సంగతి విని, ఆడపడుచు పళ్లసంచీతో దిగింది. గుమ్మంలోనే వాటేసుకుని భోరుమంది. "వదినా, నువ్వు సర్దిన పెట్టెల్లో ఒక్క గ్లాసు కూడా పగల్లేదు! అలా ఇంకెవరు సర్దుతారు చెప్పు?"

"మెచ్చుకో, కానీ మరీ ఏడవకు," అని అత్తగారు పక్కనుంచి సైగ చేశారు.

ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. కాసేపు కూర్చుంది. పండు కోసి పెట్టింది. బయలుదేరేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "వదినా, నీ నీలం చీర ఉంది చూడు... నీ గుర్తుగా ఉంటుందని..." అంటూ మళ్లీ కళ్లు తుడుచుకుంది. ఆవిడ అలమారా తీసి చీర ఇచ్చింది. తన గుర్తుగా తన ఎదురుగానే చీర పంచి పెట్టుకునే అవకాశం అందరికీ రాదు.

ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం వ్యవహారం తిరగబడింది. పదిహేను రోజులుగా రెండు రంగుల సాక్సులతో తిరుగుతున్న భర్త, ఈ పద్ధతులు ఇంకెన్నాళ్లో డాక్టరునే అడుగుదామనుకున్నాడు. ఆవిడ వంటింట్లో ఉందని చూసుకుని, హాల్లో తల్లినీ కూతుర్నీ పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం అడుగున ఉన్న నంబరుకు ఫోను చేశాడు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"మీరు రాసినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నామండీ. మందులు మాత్రం రాయలేదు మీరు."

"మందులెందుకండీ?" అంది అవతలినుంచి వార్డెన్. "మా దగ్గరున్న వారంలో ఒక్క మాత్ర కూడా వెయ్యలేదు."

"మీ దగ్గరా? ఆ వారమంతా మాతోనే ఉందే! మా చెల్లెలింట్లో పెట్టెలు సర్దింది."

"పెట్టెలు సర్దిందా?" అంది వార్డెన్. "మీ బొగ్గు?"

తర్వాతి రెండు నిమిషాల్లో ఆ ఇల్లు పదిహేను రోజుల బాకీ అంతా తీర్చేసింది.

"కుక్క కాగితం! కుక్క కాగితం పట్టుకుని రోజూ అరగంట నీతో నడిచానా!"

"నాచేత తల దువ్వించుకుందిరా! నా మోకాళ్లు నొప్పులు పెడుతున్నా నిలబడి దువ్వానురా!"

"అమ్మా, నీకు తెలుసా?" అంది కూతురు.

"నాలుగో రోజున తెలిసింది," అంది ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి.

"మరి నోరు విప్పలేదేం?" అని గర్జించాడు భర్త.

"ఎవరూ అడగలేదు. అందరూ మంచిగా ఉన్నారు కదా, కదిలించడమెందుకని."

"అంటే నీకు జబ్బేం లేదా?"

"రక్తం తక్కువుంది. మాత్రలు వాడమన్నారు. ఆ రిపోర్టు కూడా ఆ కవర్లోనే ఉంది."

"ఓస్, అదా! అది అందరికీ ఉండేదే," అని అత్తగారు తీసిపారేశారు. ఇంటి మనిషికి పెద్ద జబ్బు లేదని తెలిసి అంత కోపం తెచ్చుకున్న కుటుంబం బహుశా ఇంకోటి ఉండదు.

ఆవిడ వాళ్లవైపు చూడటం లేదు. బొగ్గును చూస్తోంది. అది చాప మీదినుంచి లేచి నిలబడింది. వీపు మీద జుట్టు నిక్కబొడుచుకుంది. కళ్లు తలుపు చట్రం వైపు వెళ్లాయి. రేపొక్క రోజు గడిస్తే చాలు. భర్త ఇంకా అరుస్తూనే ఉన్నాడు, "రేపే పంపించేస్తాను దీన్ని! అసలు మొత్తం దీనివల్లే!" అని. బొగ్గు నోరు తెరిచింది.

"కూర్చో," అంది ఆవిడ, వినీ వినబడనట్టు.

బొగ్గు ఆవిడ ముఖంలోకి చూసింది. నోరు మూసుకుంది. కూర్చుంది.

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఓనరు చేతిలో తను రాసిచ్చిన నోటీసు నకలుతో గుమ్మంలో నిలబడ్డాడు. "నెలాఖరు దాకా కూడా ఆగలేదన్నమాట కుక్క," అంటూ లోపలికి చూశాడు. చాప మీద కుక్క బుద్ధిగా కూర్చుని ఉంది. దాని చుట్టూ ముగ్గురు మనుషులు చేతులు గాల్లో ఉండగా ఆగిపోయారు.

ఆయన కుక్కను చూశాడు, మనుషుల్ని చూశాడు, మళ్లీ కుక్కను చూశాడు.

"ఇప్పుడు అరిచిందెవరు?"

ముగ్గురూ చేతులు మెల్లిగా దించారు.

"పదిహేను రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే కుక్క మారిందనుకున్నాను," అన్నాడు ఓనరు. "ఇప్పుడేమో కుక్క కూర్చునే ఉంది, చప్పుడు మాత్రం పాతదే. నోటీసులో పేరు తప్పు రాశాను." జేబులోంచి పెన్ను తీసి, నకలు మీద 'కుక్క' అన్నచోట కొట్టేసి, 'కుటుంబం' అని రాసి, భర్త చేతిలో పెట్టాడు. "కుక్క ఉండొచ్చు. ఇంకోసారి అరుపు వినిపిస్తే మీరు ఖాళీ చెయ్యండి. కుక్క సంగతి నేను చూసుకుంటాను."

"అలాగేనండీ," అన్నాడు భర్త. ఆ గొంతు ఆయనకు ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు రెండో పేజీ ఫ్రిజ్ తలుపు మీదకు ఎక్కింది. ఎవరూ మళ్లీ పొరబడకుండా అత్తగారు పైన పెద్ద అక్షరాలతో 'కుక్కకు మాత్రమే' అని రాయించారు. పీట అటకెక్కింది. దువ్వెన బొగ్గుకు మారింది. భర్త రోజూ సాయంత్రం ఫోను ఇంట్లో పెట్టి కుక్కను అరగంట తిప్పుతున్నాడు. దాన్ని మెచ్చుకుంటున్నాడు కూడా, గేటు దగ్గర ఓనరు ఉన్నప్పుడు కాస్త ఎక్కువగా. ఆవిడ కూర గురించి ఎవరూ ఏమీ అనడం లేదు. సాక్సులెక్కడ, చార్జరెక్కడ, ఉప్పెక్కడ అని అడగడం మాత్రం మళ్లీ మొదలైంది, కాకపోతే గుసగుసగా. వినబడకపోతే దగ్గరికొచ్చి మరీ గుసగుసలాడుతున్నారు. నీలం చీర తిరిగి రాలేదు.

ఆవిడ ఆ కాగితాన్ని రోజుకోసారి చదువుతూ వచ్చింది. నాలుగోరోజు సాయంత్రం ఏడింటికి బొగ్గు గిన్నె నేల మీద పెట్టి, దాని పక్కనే తన కంచం పెట్టుకుని కింద కూర్చుంది. సరిగ్గా అప్పుడే భర్త గుమ్మంలోకొచ్చి నోరు తెరిచాడు. ఆవిడ తలెత్తకుండా ఫ్రిజ్ వైపు వేలు చూపించింది. తినేటప్పుడు పిలవకూడదు, కదిలించకూడదు. ఆయన కిందికోసారి, ఓనరు వాటా వైపు, చూసి, నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

బొగ్గు గిన్నె మూడు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది, ఆ తర్వాత ఆవిడను పిలవడానికి అడ్డేమీ లేదు. కుక్కకు నెమ్మదిగా తినడం నేర్పించడానికి మీ హాస్టల్లో ఎన్నాళ్లు పడుతుందని, మర్నాడు పొద్దున ఆవిడ వార్డెన్‌కు ఫోను చేసింది.